బోటు అడిగిన ఫ్యాను

15 ఏప్రిల్ 2025, మంగళవారం. పర్చూరు

మిల్లు నిన్నటితో ఆగింది. ఆఖరి బేళ్లు ప్రెస్సులోంచి బయటికొచ్చేసరికి రాత్రి పదకొండయింది. పొద్దున్నే పోయి జిన్నుల రోలర్లకు గ్రీజు పెట్టి, బెల్టులు వదులు చేసి, బ్లోయర్ నోటికి గోనెసంచి కట్టి వచ్చాను. దసరా దాటేదాకా ఆ ఫ్యాన్లకూ పని లేదు, నాకూ లేదు.

మధ్యాహ్నం నిజాంపట్నం నుంచి బావ ఫోను. వరసకు బావ కాదు. ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజు నుంచి ఒకరినొకరం అలాగే పిలుచుకుంటున్నాం. బావకు మరబోటుంది. వాళ్లకు ఇవాళ్టి నుంచి చేపల వేట నిషేధం, జూన్ 14 దాకా 61 రోజులు. మాకు పత్తి అయిపోయే వేళకే వాళ్లకు సముద్రం మూతపడుతుంది. మేమిద్దరం తీరిగ్గా కలిసి కూర్చునేది ఏడాదికి ఈ రెండు నెలలే.

"బోటు డీజిలు తాగేస్తంది బావా. పొగ నల్లగా కక్కుతంది. ఇంజెక్టర్లు ఆరూ మార్పించా, పంపు బాగుచేయించా. ఇప్పుడేమో ఇంజను దించి బోరింగు చేయాలంటన్నారు. ఆ మాట లక్షల్లో ఉంది."

"ఫ్యాను చూశావా?"

"ఫ్యానుకేమైంది? తిరగతానే ఉందిగా."

నేనడిగింది నీళ్లలో తిరిగి బోటును తోసే ఫ్యాను, ప్రొపెల్లరు. తిరగడం వేరు, తగినట్టు తిరగడం వేరు అని ఫోన్లో చెబితే వినపడదు. ఎల్లుండి వస్తానన్నాను. మిల్లులోంచి చుట్లు లెక్కపెట్టే చేతి ట్యాకోమీటరు అడిగి తెచ్చుకున్నాను.

17 ఏప్రిల్, గురువారం. నిజాంపట్నం

బాపట్లలో బస్సు మారి, చెరుకుపల్లి మీదుగా వచ్చేసరికి తొమ్మిదయింది. ఈ ఊరికి వచ్చినప్పుడల్లా ఒక సంగతి గుర్తొస్తుంది. 1606లో డచ్చివాళ్లు కోరమండల్ తీరంలో తమ తొలినాళ్ల వర్తక స్థావరాల్లో ఒకటి పెట్టింది ఇక్కడే. వాళ్ల కాగితాల్లో దీని పేరు పెటపోలి. మన మైదానాల్లో నేసిన బట్ట ఈ ఏటి నోట్లోంచే ఓడలెక్కింది. ఇవాళ ఆ ఏట్లోనే మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి తాళ్లతో కట్టేసి ఉన్నాయి, సంతలో ఎద్దుల్లాగా.

బావ బోటు 40 అడుగులది, చెక్క బోటు, మీద ఫైబర్ పొర. పెదనాన్న, అంటే బావ వాళ్ల నాన్న, కట్టించి పద్దెనిమిదేళ్లయింది. ఆయన పోయి నాలుగేళ్లు. ఇంజను ఆరు సిలిండర్ల డీజిలు. ప్లేటు మీద 1800 చుట్లు అని ఉంది. నిమిషానికి 1800 తిరిగినప్పుడే అది తన పూర్తి బలం ఇవ్వగలదని దాని అర్థం. గేర్‌బాక్సు ప్లేటు ఎప్పుడో ఊడిపోయింది. నిష్పత్తి బావకు తెలియదు. ఇంజను ఆపి, ఫ్లైవీలు మీద ఒక సుద్దగీత, షాఫ్టు కప్లింగు మీద ఒక సుద్దగీత పెట్టాం. గేరులో ఉంచి బారుతో చేత్తో తిప్పాం. ఫ్లైవీలు మూడు చుట్లు తిరిగితే షాఫ్టు ఒక చుట్టు. మూడుకు ఒకటి. ఒక్కోసారి సుద్దముక్క కన్నా మంచి పనిముట్టు ఉండదు.

వేటకు నిషేధం గాని బోటు కదపడానికి కాదు. అయినా మత్స్యశాఖ ఆఫీసులో ముందే చెప్పి, మొగ దాటకుండా ఏట్లోనే తిప్పాం. ఫ్లైవీలుకు మెరిసే టేపు ముక్క అంటించి ట్యాకోమీటరు పట్టాను. బావ హ్యాండిలు చివరిదాకా తోశాడు. సరంగు గదిలో చుట్ల మీటరు ముల్లు 1660 చూపిస్తోంది. నా చేతిలోది 1560. ముందు ముల్లే అబద్ధం చెబుతోందన్నమాట, నూరు చుట్లు ఎక్కువ చూపిస్తూ. ఫోన్లో వేగం చూశాం, ఎదురూ వాలూ రెండు వైపులా తిప్పి సగటు తీస్తే 6.4 నాట్లు. వెనక పొగ మసిబట్ట పరిచినట్టు.

ఐసు లేదు. వల ఒడ్డున ఉంది. డీజిలు సగం కూడా లేదు. ఖాళీ బోటుకే 1560. నిండు బోటుకు ఇంకెంత పడిపోతుందో?

బావకు ఎలా చెప్పాలా అని ఆలోచించి ట్రాక్టరు మీదికి పోయాను. నల్లరేగడిలో లోతు దుక్కి దున్నుతూ పై గేరులో పెడితే ఏమవుతుంది? ఇంజను గుంజుకుంటుంది, చుట్లు పడిపోతాయి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ డీజిలు పోతుంది, గాలి చాలదు, కాలకుండానే పొగై బయటికొస్తుంది. ఇంజనులో లోపమేమీ ఉండదు. దాని మీద పెట్టిన బరువే ఎక్కువ. "నీ బోటు పొద్దస్తమానం పై గేరులో దున్నుతోంది బావా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అది నాన్న వేయించిన ఫ్యాను" అన్నాడు చివరికి.

26 ఏప్రిల్, శనివారం. పర్చూరు

శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి నిషేధకాలపు భృతి ఇవ్వడం మొదలుపెట్టారు. కుటుంబానికి 20,000. నిరుటిదాకా 10,000 ఉండేది. బావకు ఫోను చేస్తే, కళాసీల ఇళ్లల్లో బాకీలకే సరిపోతుందన్నాడు, అయినా గొంతులో కొంచెం తేలిక వినపడింది.

ఇక్కడ మా అన్నయ్య కోల్డ్ స్టోరేజిలో ఉన్న మిరప టిక్కీల గురించే మాట్లాడుతున్నాడు. కేంద్రం క్వింటాలుకు 11,781 అని ధర ప్రకటించింది ఫిబ్రవరిలో. పెట్టుబడికి ఆ అంకె చాలదని ఆయన లెక్క. భూమి మీదా నీళ్ల మీదా ఈ ఏడు ఒకటే ప్రశ్న: ఖర్చు ఎక్కడ తగ్గించుకోవాలి?

రేపు అమావాస్య. పోటు బాగా వస్తుంది. బోటు ఒడ్డెక్కిస్తారు.

28 ఏప్రిల్, సోమవారం. నిజాంపట్నం

రాత్రి పోటు మీద తాళ్లు కట్టి లాగి ఏటి ఒడ్డున దుంగల మీదికి ఎక్కించారట. నేను వచ్చేసరికి పాటు తీసి, బోటు మొత్తం గాలిలో నిలబడి ఉంది. నీళ్లలో ఉన్నప్పుడు చిన్నగా కనపడే బోటు నేల మీద ఎంత పెద్దదో!

అడుగు నిండా గుల్లలు. చెయ్యి పెడితే చర్మం లేచిపోతుంది. ఫ్యాను రెక్కల మీద కూడా గుల్లలు, తెల్లగా సున్నం పూసినట్టు. నునుపుగా ఉండాల్సిన రెక్క గరుకుదేరితే అదొక్కటే ఎంతో బలం తినేస్తుంది. కళాసీలు పారలతో గీకుతుంటే నేను షాఫ్టు పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాను. వెనక బుష్షులో ఆట ఉంది, మరీ ఎక్కువ కాదు, కానీ మార్చాల్సిందే. బుష్షు అరిగిపోయిన బోటుకు కొత్త ఫ్యాను వేస్తే వణుకు అలాగే ఉంటుంది, తిట్లు మాత్రం ఫ్యానుకు పడతాయి.

నట్టు విప్పడానికి గంటన్నర పట్టింది. ఫ్యాను దించడానికి ముగ్గురం. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాం. మూడు రెక్కల ఇత్తడి.

ముందు సుత్తిపిడితో ఒక్కో రెక్కను తట్టాను. రెండు గుడిగంటలా మోగాయి. మూడోది బొంగురుగా పలికింది. అంచు దగ్గర గీకి చూస్తే ఇత్తడి పసుపు కాదు, గులాబీ రంగు. ఉప్పునీళ్లు ఇత్తడిలోని జింకును తినేసి రాగిని మిగిల్చితే వచ్చే రంగది. చూడటానికి రెక్క ఉన్నట్టే ఉంటుంది, లోపల సత్తువ ఉండదు. షాఫ్టు మీద జింకు దిమ్మ కట్టి ఉంటే ఉప్పునీళ్లు ముందు దాన్ని తినేవి. ఆ దిమ్మ అరిగిపోయి ఎన్నాళ్లయిందో, కొత్తది ఎవరూ వేయలేదు.

తరువాత కొలతలు. బొడ్డు మధ్య నుంచి రెక్క కొసకు 17 అంగుళాలు, అంటే అడ్డం 34. ఇది సులువే. పిచ్ కొలవడమే అసలు పని. ఫ్యాను ఒక గట్టి పదార్థంలో మరమేకులాగా దిగితే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోతుందో ఆ దూరమే పిచ్. బొడ్డు నుంచి కొసకు పదింట ఏడు వంతుల దూరంలో, అంటే 12 అంగుళాలకు కాస్త లోపల, ప్రతి రెక్క మీదా ఒక వంపుగీత గీశాను. ఆ గీత మీద 30 డిగ్రీల మేర రెండు గుర్తులు పెట్టాను. ఒక్కో గుర్తు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో మూలమట్టంతో కొలిచాను. రెంటి తేడాను 12తో గుణిస్తే పిచ్, ఎందుకంటే 30 డిగ్రీలు పన్నెండుసార్లయితే పూర్తి చుట్టు.

ఒకటో రెక్క తేడా 47 మిల్లీమీటర్లు. రెండోదీ 47. మూడోది, ఆ బొంగురుది, 44.

47 పన్నెండ్లు 564. అంటే 22 అంగుళాలు, ఇంకొంచెం. 44 పన్నెండ్లు 528. అంటే 21కి కాస్త తక్కువ. ఒకే బొడ్డుకు మూడు రెక్కలు, ఒకటి మిగతా రెంటితో కలవదు. బోటు వణుకుతోందంటే వణకదూ!

అప్పుడు బొడ్డు మీద పెచ్చు గీకాను. పోత పోసినవాళ్లు కొట్టిన అచ్చు బయటపడింది: 34, 20, ఆర్. అడ్డం 34. కుడిచుట్టు. పిచ్ 20.

ఇరవై! చేతిలో కొలత ఇరవై రెండు. మూడుసార్లు కొలిచాను. అచ్చు అచ్చే, కొలత కొలతే. పుట్టినప్పుడు ఇరవైగా ఉన్న ఫ్యానును ఎవరో ఇరవై రెండుకు తిప్పారు. అందుకే కాబోలు ఆ మూడో రెక్క సరిగా రాలేదు. సుత్తిదెబ్బల గుర్తులు కూడా ఉన్నాయి, వెతికేవాడికి కనపడతాయి.

బావ నా పక్కన గొంతుక్కూర్చుని ఆ అంకెను వేలితో తడిమాడు.

29 ఏప్రిల్, మంగళవారం. నిజాంపట్నం

ఈ చిక్కు విప్పింది పెద్ద కళాసీ బాబాయి. డెబ్భై దగ్గర పడ్డాడు. ఇప్పుడు సముద్రం మీదికి పోడు, వలలు బాగుచేస్తాడు. చేతిలో కండె ఆడుతూనే ఉంది, మాట సాగుతూనే ఉంది.

"మీ పెదనాన్నే తిప్పించాడ్రా అది. బోటు దించిన రెండో ఏడు. అప్పుట్లో తెల్లారుజామున పోయి పొద్దుగూకేలోపు వచ్చేవోళ్లం. ఐసు ఎక్కడిది? రెండు పెట్టెలు. డీజిలు రెండు డ్రమ్ములు. ఖాళీ బోటు తేలిగ్గా ఉరికేది. ఇంజను కొత్తది, ఊరికే అరిచేది. ఇంకాస్త పట్టు ఉంటే ముందుగా ఒడ్డుకొస్తాం, పాటలో మంచి రేటొస్తది అన్నాడు. కమ్మరి కొలిమిలో కాల్చి తిప్పించాడు. మా బోటే ముందొచ్చేది."

"ఇప్పుడో బాబాయ్?"

"ఇప్పుడు ఐదారు రోజులుండి వస్తన్నారు. ఐసు కొట్టు పెద్దది చేశారు. చెక్క నీళ్లు తాగింది. మీద ఫైబర్ వేశారు. అది ఆ బోటేనా అసలు?"

ఈ మాటకు నాకు ఒళ్లు జలదరించింది. నిన్నంతా నేను లెక్కలతో చెప్పలేకపోయింది ఆయన ఒక్క ప్రశ్నలో పెట్టాడు. పెదనాన్న తప్పు చేయలేదు. ఆనాటి బోటుకు ఆనాటి ఫ్యాను సరిగ్గా అమర్చుకున్నాడు. అప్పటి బోటు పేరు ఒక్కటే మిగిలింది, బరువు మారిపోయింది, ఇంజను ఊపిరి తగ్గింది. ఫ్యాను మాత్రం అదే.

సరంగు గదిలో చక్రం పక్కన చెక్క మీద మేకుతో గీసిన చిన్న గీత, దాని కింద 1800 అని ఉంది. ఆయన చేతిరాతేనట. 22 పిచ్‌తో కూడా ఆ రోజుల్లో బోటు పూర్తి చుట్లు అందుకునేదనడానికి అదే సాక్ష్యం.

3 మే, శనివారం. పర్చూరు

రాత్రి కరెంటు పోయింది. లాంతరు పెట్టుకుని లెక్కలు వేశాను.

ముందు, అడ్డం పెంచవచ్చా? నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను, వేగంగా తిరిగే చిన్న ఫ్యాను కన్నా ఎప్పుడూ మేలు, వల లాగే బోటుకు మరీనూ. ఎక్కువ నీళ్లను మెల్లగా నెట్టడం, కొద్ది నీళ్లను గట్టిగా విసరడం కన్నా తక్కువ ఖర్చు. కానీ రెక్క కొసకూ బోటు అడుగుకూ మధ్య ఖాళీ కావాలి, అడ్డంలో పదో వంతుకు తగ్గకుండా, వీలైతే ఆరేడో వంతు. ఇక్కడ కొలిస్తే సరిగ్గా ఐదు అంగుళాలుంది. 34కు ఆరేడో వంతు అంతే. ఇంకా పెద్దది పెడితే కొస దగ్గర పడి, తిరిగిన ప్రతిసారీ బోటు అడుగును నీళ్లతో గుద్దుతుంది. కాబట్టి 34 కదలదు. నాలుగు రెక్కలా? వణుకు తగ్గుతుంది, కానీ ఖరీదు, బరువు. మూడే చాలు.

ఇక మిగిలింది పిచ్. జారుడు లెక్క ముందు చూశాను. షాఫ్టు చుట్లను అంగుళాల పిచ్‌తో గుణించి 1215తో భాగిస్తే, జారుడే లేకపోతే పోవాల్సిన వేగం నాట్లలో వస్తుంది. 1560లో మూడో వంతు 520. దాన్ని 22తో గుణించి భాగిస్తే 9.4 నాట్లు. మేం చూసింది 6.4. మూడింట ఒక వంతు జారుడు. బురదలో బండి చక్రం తిరిగినంత ముందుకు పోనట్టే నీళ్లలోనూ. జారుడు అసలు లేకుండా ఏ ఫ్యానూ తోయదు. కొంత ఉండాలి, మితంగా ఉండాలి.

నాకు ఇంజను చుట్లు 1800 కావాలి. 22ను 1560తో గుణించి 1800తో భాగిస్తే 19. గుల్లలు గీకినందుకు కొంత కలిసొస్తుంది. ఐసూ డీజిలూ నింపినందుకు కొంత పోతుంది. రెండూ చెల్లుకు చెల్లు అనుకుంటే 19 దగ్గరే నిలుస్తోంది. అచ్చులో ఉన్న 20 నన్ను చాలాసేపు లాగింది. పుట్టుకతో వచ్చిన అంకె, అందంగా ఉంది. కానీ అది పద్దెనిమిదేళ్ల కిందటి ఖాళీ బోటుకు యార్డు వాళ్లు అనుకున్న అంకె. ఇవాళ్టి బోటు దానికన్నా బరువైనది. 19 అని రాసి కింద గీత గీశాను.

ఈ పని నేను ఇంత ధీమాగా చేయగలుగుతున్నది దూది వల్ల. జిన్నింగు మిల్లులో దూదిని గొట్టాల్లో పీల్చేది ఫ్యానే. దాని వేగం పెంచితే గాలి అదే నిష్పత్తిలో పెరుగుతుంది, తినే కరెంటు మాత్రం మూడుసార్లు గుణించినట్టు పెరుగుతుంది. ఒక సీజనులో ఎవరో చిన్న పుల్లీ బిగించి వేగం పెంచితే, దూది కొంచెం ఎక్కువ లాగింది, మోటారు వారానికి కాలిపోయింది. నీళ్లలోనూ అదే సూత్రం. తిరగేస్తే అది దీవెన: 1800 అందుకోగల ఇంజనును దారిలో 1440 మీద నడిపితే, అంటే ఐదింట నాలుగు వంతుల చుట్లు, ఫ్యాను తినే బలం దాదాపు సగానికి వస్తుంది. 40 అడుగుల బోటు నీటిగీత దగ్గర 36 అడుగులుంటే, ఎంత గుద్దినా 8 నాట్ల దగ్గర తన అలలోనే తాను ఇరుక్కుంటుంది. ఆ ఆఖరి అర నాటు కోసం పోసే డీజిలే అన్నిటికన్నా దండగ. లీటరు 97 దాటింది. బోటుకు నెలకు 3,000 లీటర్ల దాకా లీటరుకు 9 రూపాయలు సర్కారు భరిస్తుంది, నిజమే. మిగతా 88 భరించేదెవరు?

పడుకోబోతూ ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ గుర్తొచ్చాడు. లండన్ దగ్గర హెండన్‌లో పశువుల మేత భూములున్న రైతు. చెరువులో బొమ్మ పడవలు తిప్పుకుంటూ 1836లో మరఫ్యానుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన మొదటిది చెక్కతో చేసిన పొడుగాటి మరమేకు, రెండు పూర్తి చుట్లది. 1837లో కాలువలో దేనికో తగిలి సగం విరిగిపోయింది. విరగగానే పడవ వేగం పెరిగింది! 1845లో ఇంగ్లీషు నౌకాదళం మరఫ్యాను ఉన్న రాట్లర్‌ను, పక్కచక్రాల అలెక్టోను వెనక్కీ వెనక్కీ తాడుతో కట్టి లాగించింది. రాట్లర్ ఆ రెండోదాన్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. ఒక రైతు ఆలోచన అంత దూరం పోయింది. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ విరిగిన చెక్క. తగ్గించినచోట లాభం కనపడితే సిగ్గుపడకుండా ఒప్పుకున్నాడు.

9 మే, శుక్రవారం. వాడరేవు

చీరాలలో పని ఉండి వాడరేవు దాకా వచ్చాను. ఇసకలో ఫైబర్ పడవలు. ఒక కుర్రాడు అవుట్‌బోర్డు ఇంజను ముందేసుకుని కూర్చున్నాడు. "అన్నా, ఇంజను బొయ్యిమంటది, పడవ కదలదు." వీడి కథ బావ కథకు పూర్తిగా తలకిందులు. ఫ్యాను విప్పి చూస్తే రెక్కలు బాగానే ఉన్నాయి. బొడ్డు లోపలి రబ్బరు వదిలేసింది. ఇసకలో రెక్క తగిలినప్పుడు గేర్లు విరగకుండా ఆ రబ్బరు జారడానికే పెడతారు. ఎన్నిసార్లు తగిలిందో! బొడ్డుకూ గొట్టానికీ అడ్డంగా ఒక గీత గీసి పడవ తిప్పి రమ్మన్నాను. వచ్చేసరికి గీత రెండు ముక్కలై ఎడంగా ఉంది. ఫ్యాను మార్చుకోమన్నాను.

ఈ ఇసక తీరంలో ఫ్యాను సమస్య ఎప్పుడూ ఇదే. రేవు లేదు. అలల మీదుగా వచ్చి నేలకు తగలాల్సిందే. 1979లో మద్రాసు కేంద్రంగా ఎఫ్.ఎ.ఓ. బంగాళాఖాత పథకం మొదలయ్యాక, ఓయివిన్ గుల్‌బ్రాండ్‌సెన్ అనే నౌకాశిల్పి ఈ తూర్పు తీరానికి ఇసకలో దిగే పడవలు గీశాడు. డీజిలు ఇంజనూ షాఫ్టూ ఫ్యానూ కలిపి, ఒడ్డు దగ్గరపడగానే పైకి లేపుకునే ఏర్పాటు వాటిలో ఉంది. చిన్న వేట పడవల ఇంధన ఖర్చు తగ్గించుకోవడం మీద ఆయన 1986లో రాసిన చిన్న పుస్తకం జిరాక్సు నా దగ్గరుంది. చుట్లు తగ్గించు, ఫ్యాను పెద్దదిగా నెమ్మదిగా తిప్పు, అడుగు శుభ్రంగా ఉంచు అని ఉంటుంది. ఎక్కడో నార్వే నుంచి వచ్చినవాడు మన బెస్తవాళ్ల డీజిలు ఖర్చు గురించి అంత శ్రద్ధగా ఆలోచించాడని చదివినప్పుడల్లా కళ్లు చెమ్మగిల్లుతాయి.

14 మే, బుధవారం. కాకినాడ

పాత ఫ్యానునే కాల్చి 19కి తిప్పితే పోదా అని బావ ఆఖరిసారి అడిగాడు. ఆ గులాబీ రెక్క చూపించాను. ఒకసారి కాలి తిరిగిన లోహం, లోపల జింకు పోయిన లోహం. మళ్లీ తిప్పితే సముద్రం మధ్యలో ఊడుతుంది.

కాకినాడలో దుకాణం అతను అడ్డం, పిచ్ వినగానే పెదవి విరిచాడు. "మీ సైజు బోట్లన్నీ 22, 23 తీసుకెళ్తున్నాయండి. 19 ఎవరూ అడగరు. పెద్దదేసుకోండి, బాగా లాగుతుంది." అతనిది చెడ్డ మనసు కాదు. పది బోట్లకు ఏది పోతే పదకొండో బోటుకూ అదే ఇస్తాడు. పక్కన ఇంకో బోటు యజమాని కూడా అదే మాటన్నాడు. బావ నా మొహం చూశాడు. నేను జేబులోంచి కాగితం తీసి 1560 చూపించాను. మీ బోటు పూర్తి హ్యాండిలు మీద ఎన్ని చుట్లు తిరుగుతుందండీ అని ఆ యజమానిని అడిగాను. ఆయన దగ్గర అంకె లేదు.

ఇత్తడి కిలోల లెక్కన తూస్తారు. అందుకే కాబోలు పెద్ద ఫ్యానుకు అందరి ఓటూ.

చెప్పిన పిచ్‌కు పోత పోసి ఇస్తామన్నారు. వారంలో. షాఫ్టు కొస శంకువు కొలతా, కీ గాడి వెడల్పూ కాగితం మీద గీసి ఇచ్చాను. సరుకు తీసుకునే ముందు మూలమట్టంతో నేనే కొలుస్తానని ముందే చెప్పాను.

22 మే, గురువారం. నిజాంపట్నం

కొత్త ఫ్యాను వచ్చింది. మూడు రెక్కలూ 40, 40, 40. పన్నెండ్లు 480 మిల్లీమీటర్లు, 19కి వెంట్రుకవాసి తక్కువ. మూడూ మోగాయి. ఇంత శుభ్రమైన పోత చూస్తే చేతులు జోడించబుద్ధేసింది.

షాఫ్టు శంకువు మీద నీలం రంగు పల్చగా రాసి, కీ లేకుండా ఫ్యాను తొడిగి తీశాం. రంగు ఎక్కడ అంటిందో అక్కడే పట్టు. మొదటిసారి కొస వైపే అంటింది. రుబ్బి, మళ్లీ తొడిగి, ఐదోసారికి చుట్టూ సమంగా వచ్చింది. తరువాత కీ పెట్టి నట్టు బిగించి పిన్ను వేశాం. బుష్షు కొత్తది. షాఫ్టు మీద జింకు దిమ్మ కొత్తది. దాని మీద రంగు పూయబోతున్న కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపాను. రంగు పూస్తే అది పనిచేయదు నాయనా.

అవతల బాబాయి ఇంకో చెక్క బోటు పలకల సందుల్లో నూనెలో తడిపిన దూది కుక్కుతున్నాడు. సన్నటి ఉలి, కొయ్యసుత్తి, టక్ టక్ మని ఒకే తాళం. ఎవరి చేలో పూసిన పత్తో, ఏ మిల్లులో గింజ వదిలిందో! నీళ్లు తగలగానే ఉబ్బి సందు మూసేస్తుంది. మా మిల్లు దూది ఇంతదూరం వచ్చి సముద్రాన్ని ఆపుతోంది.

28 మే, బుధవారం. నిజాంపట్నం

ఈ ఏడు రోహిణి ఎండలే లేవు. 24న కేరళను తాకిన రుతుపవనాలు రెండ్రోజుల్లో ఆంధ్రలోకీ వచ్చేశాయి. నిన్న అమావాస్య పోటు మీద వానలోనే బోటు దించారు.

ఏట్లో ఖాళీ బోటు: 1850. పొగ లేత బూడిదరంగు, తరువాత దాదాపు లేదు. వేగం 7.3. వణుకు తగ్గిందని పెద్దమ్మ, అంటే బావ వాళ్లమ్మ, ఒడ్డున నిలబడి శబ్దం విని చెప్పింది. ఆమె ఇంజను వంక చూడనైనా చూడలేదు. ముప్పై ఏళ్లుగా మొగనుంచి వచ్చే శబ్దాలతోనే ఎవరు క్షేమంగా వచ్చారో గుర్తుపట్టే మనిషి.

1850 కాస్త ఎక్కువేనని బావ అనుమానం. నిండితే తగ్గుతుంది, తగ్గడానికి చోటుండాలి అన్నాను. అన్నాను గాని రాత్రి నిద్ర పట్టలేదు. 20 తీసుకోవాల్సిందేమో.

15 జూన్, ఆదివారం. బోటు మీద

రాత్రి పన్నెండు దాటగానే రేవంతా ఒక్కసారి లేచింది. కొబ్బరికాయలు, పసుపు, కర్పూరం. గంగమ్మ పేరు చెప్పి ఒక్కో బోటూ తాళ్లు విప్పుకుంది. నన్ను ఒక్క పూట రమ్మన్నాడు బావ, ఇంకో బోటు మీద వెనక్కి పంపిస్తానన్నాడు.

ఐసు నిండుగా. డీజిలు నిండుగా. వలలు, నీళ్లు, బియ్యం, తొమ్మిదిమంది మనుషులు. మొగ దాటి లోతు వచ్చాక బావ నా వంక చూశాడు. తల ఊపాను. హ్యాండిలు చివరిదాకా తోశాడు. కిందికి దిగి టార్చి వెలుతురులో ఫ్లైవీలుకు ట్యాకోమీటరు పట్టాను. చెయ్యి వణికింది, రెండుసార్లు చూశాను.

1790.

వేగం 7.0. జారుడు నాలుగింట ఒక వంతు. అడుగు శుభ్రం చేసినందుకు ఎంత, బుష్షుకు ఎంత, ఫ్యానుకు ఎంత అని విడదీసి చెప్పలేను. మూడూ ఒకేసారి చేశాం. కానీ ఇంజను ఇప్పుడు గొంతు నొక్కినట్టు లేదు, అది మాత్రం చెవితో తెలుస్తోంది. బోరింగు మాట ఎవరూ ఎత్తడం లేదు.

1450కి తగ్గించి దారి పట్టించాం. బావ చక్రం నాకిచ్చి టీ కలిపాడు. తెల్లారాక వల దింపారు. వల లాగుతూ పూర్తి హ్యాండిలు మీద 1680. అదీ హద్దులోనే. పొగ సన్నగా ఉంది. 20 వేసి ఉంటే ఇక్కడ గుంజుకునేది.

పాత ఫ్యాను అమ్మనన్నాడు బావ. ఇంటి అరుగు మీద పెడతాడట.

ఎదురొచ్చే బోటు కనపడింది, నేను దిగాలి. బావకు చెప్పాల్సినవి: నాలుగో రోజు డీజిలు కర్రతో కొలిచి రాసుకోవాలి, ఐసు దిగాక ఇంకోసారి చుట్లు చూడాలి, సరంగు గదిలో ముల్లు నూరు ఎక్కువ చూపిస్తుందని అద్దం మీద రంగుతో రాయించాలి. తిరిగొచ్చాక ఫ్యాను నట్టు ఒకసారి బిగించి చూడాలి.

ట్యాకోమీటరు మిల్లులో తిరిగి ఇవ్వాలి.